ఎనిమిది మంది, ఒక హాలు, ఒక ఎక్స్‌ఆర్ 18: ఇంట్లో బ్యాండ్ రికార్డింగ్ సెటప్ రివ్యూ

ఒక్కరే కూర్చుని ట్రాక్ మీద ట్రాక్ వేసుకునేవాళ్లకి రెండు మైకులు పట్టే చిన్న ఇంటర్‌ఫేస్ (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) సరిపోతుంది. డ్రమ్స్, బేస్, గిటార్, కీబోర్డు, వయొలిన్, తబలా, ఇద్దరు గాయకులు ఒకేసారి వాయిస్తుండగా పట్టుకోవాలంటే లెక్క వేరు. 14, 16 మైకులు ఒకేసారి వేర్వేరు ట్రాకుల్లో పడాలి. ఎవరికి ఏం కావాలో అది వాళ్ల చెవుల్లో వినపడాలి. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. ఇంట్లో రికార్డు చేసిన బ్యాండ్ పాట పేలవంగా ఉందంటే మైకును తిడతారు గానీ, చాలాసార్లు అక్కడ జరిగింది ఇంకొకటి: డ్రమ్మర్‌కి బేస్ వినపడలేదు, పాడేవాళ్లకి శ్రుతి వినపడలేదు, ఎవరి దారిన వాళ్లు వాయించుకుపోయారు. అలా విడిపోయిన వాయింపుని తర్వాత ఏ ప్లగిన్ తెచ్చి అతికించలేదు.

అందుకే ఈ రివ్యూలో బెహ్రింగర్ ఎక్స్‌ఆర్ 18 అనే డిజిటల్ మిక్సర్‌ని ముందుగా హెడ్‌ఫోన్ల వైపు నుంచి చూస్తున్నాం. ఫంక్షన్లలో, చర్చిల్లో, భజన బృందాల దగ్గర స్టేజీ పక్కన కనపడే పెట్టె ఇదే. పైన ఫేడర్లు (శబ్దం పెంచే, తగ్గించే జారుడు మీటలు) ఉండవు. ట్యాబ్‌తోనో ల్యాప్‌టాప్‌తోనో నడపాలి. స్టేజీ సామాను స్టూడియోకి ఏం పనికొస్తుందని పక్కన పెట్టేవాళ్లున్నారు. ఇంట్లో ఒకే హాలులో బ్యాండ్ అంతా కూర్చుని వాయించడమంటే స్టేజీ మీద వాయించడం లాంటిదే కాబట్టి, ఈ పనికి ఇది చక్కగా కుదురుతుంది. కొనమనే మా సలహా. కొనే ముందు తెలుసుకోవలసిన లోపాలు కూడా చాలానే ఉన్నాయి.

పెట్టెలో ఏముంది

మైడాస్ కంపెనీ డిజైన్ చేసిన 16 మైక్ ప్రీఆంప్‌లు (మైకు సన్నటి సిగ్నల్‌ని పెంచేవి) ఉన్నాయి. అన్నీ కాంబో సాకెట్లే. ఎక్స్ఎల్‌ఆర్ (మైక్ కేబుల్ ప్లగ్గు) అయినా పడుతుంది, పావు అంగుళం జాక్ అయినా పడుతుంది. ఆ పెంపుని గెయిన్ అంటారు, మైనస్ 12 నుంచి ప్లస్ 60 డెసిబెల్స్ దాకా, అర డెసిబెల్ మెట్లతో, యాప్‌లోనే తిప్పాలి. కొన్ని మైకులకి కేబుల్ మీదే అందాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఒక్కో చానెల్‌కి విడివిడిగా ఆన్ చేసుకోవచ్చు. ఎనిమిదింటికీ కలిపి ఒకే ఫాంటమ్ స్విచ్ ఉండే పెట్టెలతో పని చేసినవాళ్లకి దీని విలువ వెంటనే తెలుస్తుంది. 17, 18 అనే రెండు ఇన్‌పుట్లు లైన్ లెవెల్‌వి (కీబోర్డు లాంటివాటి గట్టి సిగ్నల్‌కి), వాటికి ప్రీఆంప్ లేదు. బయటికి వెళ్లేవి ఆరు ఆక్స్‌లు (ఒక్కొక్కరికి విడి మిక్స్ పంపే దారులు), మెయిన్ ఎడమ, కుడి. హెడ్‌ఫోన్ సాకెట్ మాత్రం ఒక్కటే.

కంప్యూటర్‌కి ఒకే యూఎస్‌బీ కేబుల్ మీద 18 చానెళ్లు వెళతాయి, 18 తిరిగి వస్తాయి. 24 బిట్. శాంపిల్ రేటు 44.1 గానీ 48 కిలోహెర్ట్జ్ గానీ, అంతకు మించి లేదు. 96 కావాలని పట్టుబట్టేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఎనిమిది మంది ఒకే హాలులో వాయించే రికార్డింగులో 48కీ 96కీ ఉండే తేడా కంటే తలుపు సందులోంచి వచ్చే బండి హారన్ తేడా ఎక్కువ. వీడియో కూడా తీస్తారు కాబట్టి 48లో పెట్టేయడం మేలు. వీడియోలో ఆడియో ప్రమాణం అదే.

పెన్‌డ్రైవ్‌లో నేరుగా రికార్డు చేసుకునే సౌకర్యం ఈ మోడల్‌లో లేదు. ఇదే కుటుంబంలోని ఎక్స్‌ఆర్ 12, ఎక్స్‌ఆర్ 16లో ఉన్నది కూడా స్టీరియో రికార్డింగు మాత్రమే. ల్యాప్‌టాప్ తప్పనిసరి. మ్యాక్‌లో డ్రైవర్ అక్కర్లేదు, విండోస్‌లో కంపెనీ ఏఎస్‌ఐఓ డ్రైవర్ వేసుకోవాలి. 48 కిలోహెర్ట్జ్‌లో 16 ట్రాకులంటే నిమిషానికి సుమారు 138 మెగాబైట్లు, గంటకి 8.3 జీబీ. ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా టేకులు తీస్తే 40, 50 జీబీ తేలిగ్గా దాటుతుంది. రికార్డింగు ఎస్‌ఎస్‌డీ మీదే చేయండి, సీ డ్రైవ్‌లో చోటు లేక మధ్యలో ఆగిపోయే పరిస్థితి తెచ్చుకోవద్దు. సాఫ్ట్‌వేర్‌కి రీపర్ చాలు. 60 రోజులు అన్ని సౌకర్యాలతో చూసుకోవచ్చు, ఆ తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు.

ఏది ఏ చానెల్‌లో పెట్టాలి

సాకెట్లు ఖాళీగా ఉన్నాయి కదా అని వరసగా కిక్‌తో మొదలుపెట్టి గుచ్చుకుంటూ పోతారు. ఈ పెట్టెలో అలా చేస్తే నష్టపోతారు. 1, 2 చానెళ్లు మాత్రమే గిటార్, బేస్ జాకుని నేరుగా తీసుకోగల హై ఇంపీడెన్స్ ఇన్‌పుట్లు. బేస్ గిటార్ 1లో, పికప్ ఉన్న అకూస్టిక్ గిటార్ 2లో పెడితే రెండు డీఐ బాక్సుల (గిటార్ సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌కి కుదిర్చే పెట్టెలు) ఖర్చు మిగులుతుంది. అదే బేస్‌ని 7లోనో 9లోనో గుచ్చితే పలచగా, పైభాగం మూసుకుపోయినట్టు వస్తుంది. తర్వాత ఈక్యూతో ఎంత ఎత్తినా ఆ నిండుదనం రాదు.

కీబోర్డు ఎడమ, కుడి అవుట్‌పుట్లు 17, 18 లైన్ ఇన్‌పుట్లకి వెళ్లాలి. వాటికి మైక్ ప్రీఆంప్ వృథా చేయడం దండగ. ఇలా చేస్తే 3 నుంచి 16 దాకా 14 చానెళ్లు మైకులకి మిగులుతాయి. కిక్, స్నేర్, రెండు ఓవర్‌హెడ్‌లు (డ్రమ్స్ పైన పెట్టే మైకులు) కలిపి నాలుగు. తబలా, డగ్గా రెండు. మృదంగం ఉంటే ఇంకో రెండు. గిటార్ ఆంప్ ఒకటి, వయొలిన్ ఒకటి, వేణువు ఒకటి, గాయకులు ఇద్దరు. మొత్తం 13. ఒకటి మిగిలింది.

ఆ మిగిలిన 16వ చానెల్‌ని కోరస్‌కి ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వకండి. మెట్రోనోమ్ క్లిక్ ఎక్కడినుంచి వస్తుందో ముందు చూసుకోవాలి. మామూలుగా కంప్యూటర్‌లోంచి వచ్చే క్లిక్‌ని 17, 18 యూఎస్‌బీ రిటర్న్ మీద తెచ్చుకోమని చెబుతుంటారు. కానీ ఆ 17, 18 ఇన్‌పుట్ ఒకసారికి లైన్ సాకెట్‌నో యూఎస్‌బీనో, ఒక్కదాన్నే వింటుంది. కీబోర్డు అక్కడ కూర్చుంటే క్లిక్‌కి దారి ఉండదు. 16వ చానెల్ ఇన్‌పుట్‌ని యూఎస్‌బీకి మార్చి, రీపర్‌లో క్లిక్‌ని 16వ అవుట్‌పుట్‌కి పంపాలి. ఆ చానెల్‌ని డ్రమ్మర్ ఆక్స్‌కి మాత్రమే ఎత్తి, మెయిన్‌లోంచి తీసేయాలి. ఇది రికార్డింగు రోజు పొద్దున కాకుండా ముందురోజే చేసుకుని, స్నాప్‌షాట్‌గా (సెట్టింగులన్నీ ఒకేసారి దాచే కాపీగా) సేవ్ చేసుకోండి. స్నాప్‌షాట్‌లు 64 దాకా దాచుకోవచ్చు.

ఇంకో సెట్టింగు ఉంది, ఇది తప్పితే పాట మొత్తం పోతుంది. ఇన్/అవుట్ పేజీలో యూఎస్‌బీ సెండ్స్ అనే చోట ఒక్కో చానెల్‌ని ఏ దశ నుంచి కంప్యూటర్‌కి పంపాలో ఎంచుకోవచ్చు. అక్కడ అనలాగ్ ఇన్ ఎంచుకోండి. అప్పుడు ప్రీఆంప్ గెయిన్ తప్ప ఇంకేదీ రికార్డింగులోకి పోదు. పోస్ట్ ఫేడర్ (ఫేడర్ తర్వాతి) దశలో ఉంటే, మధ్యలో ఎవరో ట్యాబ్ మీద వయొలిన్ ఫేడర్ దించితే రికార్డింగులో కూడా వయొలిన్ దిగిపోతుంది. గేట్ (చిన్న శబ్దాల్ని కోసేసేది) తప్పుగా పెడితే స్నేర్ మీద మెల్లగా పడ్డ దెబ్బలన్నీ శాశ్వతంగా మాయం. అనలాగ్ దశలో ఉంటే మిక్సర్‌లో ఎన్ని ప్రయోగాలు చేసినా ట్రాకులు శుభ్రంగా ఉంటాయి.

గెయిన్ ఒక్కటి మాత్రం రికార్డింగుకీ, అందరి హెడ్‌ఫోన్లకీ ఉమ్మడి. సౌండ్ చెక్ అయ్యాక దాన్ని ముట్టుకోకూడదు. పాట మధ్యలో గాయని గెయిన్ 4 డెసిబెల్స్ పెంచారంటే ఆరు ఆక్స్‌లలోనూ ఆమె గొంతు ఒక్కసారిగా పెరుగుతుంది, అందరూ ఉలిక్కిపడతారు. సౌండ్ చెక్‌లో పీక్‌లు మైనస్ 18 దగ్గర ఉండేలా పెట్టుకోండి. అసలు టేక్‌లో చేయి వేడెక్కాక డ్రమ్మర్ 6 డెసిబెల్స్ గట్టిగా కొడతాడు, అప్పుడు మైనస్ 12 దగ్గరికి చేరుతుంది. 24 బిట్‌లో అంత ఖాళీ వదిలినా శబ్దనాణ్యతకి ఏం కాదు. ఎర్ర దీపం వెలిగిన టేక్‌ని బాగుచేయడం మాత్రం కుదరదు.

చెవుల సంగతి

ఈ మిక్సర్‌కి మార్కులన్నీ పడేది ఇక్కడే. మైకులోంచి లోపలికి వచ్చిన శబ్దం ఆక్స్‌లోంచి బయటికి రావడానికి పట్టేది మిల్లీసెకను అటూఇటూ. అంటే ఒక అడుగు దూరం నుంచి వినడం లాంటిది. మామూలు ఇంటర్‌ఫేస్‌లో కంప్యూటర్ గుండా తిరిగి వచ్చే శబ్దం వింటే బఫర్‌ని (కంప్యూటర్ శబ్దాన్ని పోగుచేసుకునే మోతాదుని) బట్టి 10, 15 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. మృదంగం వాయించేవాళ్ల చేతికి ఆ తేడా వెంటనే తగులుతుంది. ఇక్కడ హెడ్‌ఫోన్ల శబ్దం కంప్యూటర్ దాకా వెళ్లదు కాబట్టి రీపర్ బఫర్‌ని ధైర్యంగా 512లోనో 1024లోనో పెట్టుకోవచ్చు. ఐదారేళ్ల పాత ల్యాప్‌టాప్ కూడా 18 ట్రాకులు టపటపల్లేకుండా రాసుకుంటుంది.

ఆరు ఆక్స్‌లంటే ఆరు విడి మిక్స్‌లు, అన్నీ మోనో. స్టీరియో కావాలని జంటలు కలిపితే మూడే మిగులుతాయి. ఎనిమిది మందికి మోనోలో ఆరే మేలు. డ్రమ్మర్, బేస్ వాయించేవాళ్లు ఒకటి పంచుకోవచ్చు, ఎలాగూ ఇద్దరికీ కావలసింది ఒకరికొకరే. ఇద్దరు గాయకులకి మాత్రం వేర్వేరుగా ఇవ్వండి. ఒకరికి తన గొంతు పెద్దగా కావాలి, ఇంకొకరికి శ్రుతి పెద్దగా కావాలి. అది పంచుకోమంటే ఇద్దరూ ఇబ్బంది పడతారు.

ఆక్స్ సెండ్‌లన్నీ ప్రీ ఫేడర్‌లో (ఫేడర్‌కి ముందు దశలో) ఉన్నాయో లేదో చూసుకోండి. పోస్ట్‌లో ఉంటే మీరు స్పీకర్లలో వినడానికి ఫేడర్లు కదిపిన ప్రతిసారీ వాళ్ల చెవుల్లో మిక్స్ కదులుతుంది.

ఆక్స్ సాకెట్‌కి హెడ్‌ఫోన్ నేరుగా గుచ్చడం కుదరదు, మధ్యలో ఆంప్ కావాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. చవగ్గా వస్తుందని హెచ్‌ఏ 400 అనే నాలుగు సాకెట్ల హెడ్‌ఫోన్ ఆంప్ కొంటారు. దానికి ఇన్‌పుట్ ఒక్కటే. నలుగురికీ ఒకే మిక్స్ వెళుతుంది, పెద్దదీ చిన్నదీ చేసుకోవడం వరకే విడిగా ఉంటుంది. ఆరు ఆక్స్‌లు ఉన్న మిక్సర్ కొని ఒకే మిక్స్ పంచడం అన్యాయం. కోరస్ పాడేవాళ్లకి అది సరే. మిగతావాళ్లకి పీ 2 లాంటి నడుముకి తగిలించుకునే చిన్న ఆంప్‌లు ఒక్కొక్కటి కొనండి. రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీల మీద నడుస్తుంది, మైక్ కేబులే దానిలోకి వెళుతుంది. దాని మీదున్న స్టీరియో, మోనో స్విచ్‌ని మోనోలో పెట్టాలి. రికార్డింగు రోజుకి బ్యాటరీలు డజను దగ్గర ఉంచుకోండి. బ్యాటరీ దిగిపోతుంటే ముందు శబ్దం చిట్లడం మొదలవుతుంది, వాయించేవాళ్లు దాన్ని తమ మైకు లోపం అనుకుని గంట వెతుకుతారు.

డబ్బు పెట్టగలిగితే ఇంకో దారి ఉంది. అల్ట్రానెట్ సాకెట్‌లోంచి 16 చానెళ్లు ఒకే నెట్‌వర్క్ కేబుల్ మీద పీ 16 ఎమ్ అనే చిన్న మిక్సర్లకి వెళతాయి. ఎవరి మిక్స్ వాళ్లే నాబ్ తిప్పి చేసుకుంటారు. మధ్యలో పీ 16 డీ డిస్ట్రిబ్యూటర్ పెడితే ఎనిమిదింటికీ కరెంటు కూడా ఆ కేబుల్ మీదే అందుతుంది. బ్యాండ్ ప్రతి వారం వాయించేదైతే అంత ఖర్చుకీ అర్థం ఉంది.

హెడ్‌ఫోన్లు మూసి ఉండే రకమే ఉండాలి. ఆడియో టెక్నికా ఎమ్ 40 ఎక్స్, సోనీ ఎమ్‌డీఆర్ 7506, బేయర్‌డైనమిక్ డీటీ 770 ఇలాంటివి. తెరిచిన రకం పెట్టుకుంటే క్లిక్ శబ్దం గాయకుల మైకులోకి కారుతుంది. పాట చివర వాయిద్యాలన్నీ ఆగి గొంతు ఒక్కటే మిగిలే చోట ఆ టిక్ టిక్ స్పష్టంగా వినపడుతుంది.

హాలు, ఫ్యాను, పరుపులు

మన ఇళ్లలో 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు స్లాబు, కింద టైల్స్ ఉన్న హాలు మామూలు. అలాంటి గదిలో చప్పట్లు కొడితే ట్ర్‌ర్‌ర్ అని మోగుతుంది. 14 అడుగుల గోడల మధ్య నిలబడే అల 40 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగులకి 47 దగ్గర, 10 అడుగుల ఎత్తుకి 56 దగ్గర పడుతుంది. బేస్ గిటార్ E తీగ 41 హెర్ట్జ్, A తీగ 55. అంటే ఖాళీ తీగ మీటితే గది కూడా దానితో కలిసి గుమ్మని మోగుతుంది, పక్క స్వరానికి వెళ్లేసరికి చప్పబడుతుంది. అందుకే ఇంట్లో బేస్‌ని ఆంప్ పెట్టి మైకుతో పట్టకండి. 1వ చానెల్‌లోకి నేరుగా వచ్చినదే వాడండి.

ఫోమ్ షీట్లు గోడకి అతికించడం వల్ల పైస్థాయి మోత మాత్రమే తగ్గుతుంది. కోడిగుడ్ల ట్రేలు దేనికీ పనికిరావు. ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ 4 అంగుళాల మందంలో తెచ్చి, వడ్రంగి చేత 2 అడుగులు 4 అడుగుల ఫ్రేములు చేయించి, కాటన్ గుడ్డ చుట్టి, గోడకి 2 నుంచి 4 అంగుళాలు ఎడంగా నిలబెడితే ఎనిమిది ప్యానెళ్లతో హాలు స్వరూపం మారిపోతుంది. చేతి తొడుగులు, మాస్కు లేకుండా రాక్‌వూల్ ముట్టుకోవద్దు. అంత ఖర్చు వద్దనుకుంటే పరుపులు గోడలకి ఆనించండి, బొంతలు తాళ్ల మీద వేలాడదీయండి, కింద మందపాటి జంపఖానాలు పరవండి. ఇవి అందంగా ఉండవు, పని మాత్రం చేస్తాయి. 40, 50 హెర్ట్జ్ మోతని ఇవేవీ ఆపలేవని గుర్తుంచుకోండి.

సీలింగ్ ఫ్యాన్ గురించి విడిగా చెప్పాలి. కండెన్సర్ మైకుల (ఫాంటమ్ పవర్‌తో నడిచే సున్నితమైన రకం) ముందు అది తిరుగుతుంటే గాలి రొదతో పాటు ఇంకొకటి కూడా పడుతుంది. రెక్కలు తిరిగినప్పుడల్లా స్లాబు నుంచి తిరిగొచ్చే శబ్దం అలలా తెగుతూ కలుస్తూ ఉంటుంది. వయొలిన్ నిడుపు స్వరంలో అది వణుకులా వినపడుతుంది, గమకం అనుకుంటే పొరపాటు. టేక్ సమయంలో ఫ్యాను ఆపాల్సిందే. ఏసీ ఉంటే టేకుకీ టేకుకీ మధ్య గదిని చల్లబరిచి, టేక్‌లో ఆపండి. పదేపదే వేడి, చలి మారితే తబలా, మృదంగం శ్రుతి జారుతుంది. రెండు మూడు టేకులకోసారి శ్రుతి చూసుకునే వ్యవధి పెట్టుకోండి.

గిటార్ ఆంప్‌ని పడకగదిలో పెట్టి తలుపు వేసేయండి, గిటారిస్టు మాత్రం హాలులోనే అందరి మధ్య కూర్చోవాలి. డ్రమ్స్ హాలులోనే ఉంటే గాయకుల మైకు వీపు డ్రమ్స్ వైపు ఉండాలి. ఎస్‌ఎమ్ 58 లాంటి కార్డియాయిడ్ మైకుకి సరిగ్గా వెనకవైపు వినికిడి తక్కువ. సూపర్ కార్డియాయిడ్ అయితే వినికిడి తక్కువగా ఉండేది నేరుగా వెనక కాదు, వెనక పక్కలకి. ఆ లెక్కన మైకుని కొంచెం తిప్పి పెట్టాలి. అయినా డ్రమ్స్ గొంతు ట్రాకులోకి వస్తాయి. అందుకే హాలులో పాడినదాన్ని దారి చూపే గొంతుగా తీసుకుని, అసలు గొంతు తర్వాత మళ్లీ పాడించుకోవడం క్షేమం.

డ్రమ్స్‌కి నాలుగు, మృదంగానికి రెండు

ఇంటి హాలులో డ్రమ్స్‌కి నాలుగు మైకులు దాటకండి. స్నేర్ మీద ఎస్‌ఎమ్ 57, కిక్‌లో ఏకేజీ డీ 112 గానీ షూర్ బీటా 52 గానీ, పైన రెండు చిన్న కండెన్సర్లు. ఓవర్‌హెడ్‌లు రెండూ స్నేర్ నడిమి నుంచి సమాన దూరంలో ఉండాలి. కంటితో కొలవకండి, దారం కట్టి కొలవండి. ఒకటి అడుగు దూరం జరిగితే 0.9 మిల్లీసెకను తేడా వస్తుంది. రెండూ కలిపినప్పుడు స్నేర్ రేకు డబ్బాలా పలచబడుతుంది.

మృదంగానికి కుడివైపు చిన్న కండెన్సర్, మూతకి 8, 10 అంగుళాల దూరంలో, కరణి (నల్లటి వలయం) నడిమికి కాకుండా కరణి అంచుకీ మీటుకీ (చుట్టూ ఉండే అంచు తోలుకీ) మధ్యకి గురిపెట్టి. మరీ దగ్గరగా పెడితే గోళ్ల చప్పుడు నాదాన్ని మింగేస్తుంది. ఎడమ మూత, అంటే తొప్పి వైపు ఎస్‌ఎమ్ 57 లాంటి డైనమిక్ మైకు (ఫాంటమ్ పవర్ అక్కర్లేని రకం) 5, 6 అంగుళాల దూరంలో చాలు. మైకుని తొప్పికి కింద పెట్టకండి. తొప్పికి అంటించిన రవ్వ ముద్ద ఆరేకొద్దీ పలుకులు రాలుతుంటాయి, అవి జాలీ మీద పడి చిట్‌చిట్‌మని వినపడతాయి. ఏసీ గదిలో ముద్ద తొందరగా ఆరి తొప్పి నాదం మారిపోతుంది. పక్కన చిన్న గిన్నెలో నీళ్లు, గుడ్డ ఉంచండి.

రెండు మైకులూ రెండు మూతల వైపు ఎదురెదురుగా చూస్తుంటాయి కాబట్టి ఒకదాని నాదాన్ని ఇంకొకటి కోసేసే ప్రమాదం ఉంది. ఎడమ చానెల్‌కి పొలారిటీ బటన్ (శబ్దపు అలని తలకిందులు చేసేది) నొక్కి, తీసి, రెండూ కలిపి వినండి. గుంకీ (తొప్పి మీద పలికే జారుడు నాదం) ఎటు నిండుగా ఉంటే అటు ఉంచండి. ఈ విని తేల్చుకోవడం రీపర్‌లో రికార్డయిన ట్రాకుల మీద కూడా చేయాలి, ఎందుకంటే అనలాగ్ దశ నుంచి వెళ్లిన ట్రాకుకి మిక్సర్‌లో చేసిన మార్పు అంటదు.

వేణువుకి మైకు ఊదే రంధ్రం ఎదురుగా పెట్టకండి. కొంచెం పైనుంచి, వేళ్ల వైపు చూసేలా అడుగు దూరంలో పెడితే ఊపిరి ఫుస్ అనడం తగ్గుతుంది. డప్పు ఉంటే అడుగున్నర దూరం, డైనమిక్ మైకు, గెయిన్ సున్నా దగ్గర మొదలుపెట్టాలి.

షూర్ మైకుల నకిలీలు మన మార్కెట్లలో ఎక్కువ. బిల్లు ఇచ్చే అధీకృత దుకాణంలోనే కొనండి. ఎస్‌ఎమ్ 58 అసలుది 298 గ్రాములు, ఎస్‌ఎమ్ 57 అసలుది 284 గ్రాములు తూగుతాయి. వంటింటి త్రాసు చాలు, బాగా తక్కువ తూగితే అనుమానించండి.

ప్రీఆంప్‌ల గురించి సూటిగా చెప్పాలంటే, 45 డెసిబెల్స్ గెయిన్ దాకా శుభ్రంగా ఉన్నాయి. ఆ పైన సన్నటి సర్‌మనే చప్పుడు పైకి వస్తుంది. డ్రమ్స్‌కి, ఆంప్‌లకి, గట్టి గొంతులకి అంత ఎత్తాల్సిన అవసరం రాదు. ఎస్‌ఎమ్ 7బీ లాంటి మైకుతో మెల్లగా పాడేవాళ్లని పట్టాలంటే 60 డెసిబెల్స్ కావాలి, అది ఈ మిక్సర్‌కి ఆఖరి మెట్టు. అలాంటి గొంతుకి ఇక్కడ కండెన్సర్ వాడటమే నయం.

ఎక్కడ ఇబ్బంది పెడుతుంది

మొదటిది వైఫై. లోపలున్న వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌ది. అపార్టుమెంటులో పాతిక రూటర్లు అదే గాలిలో అరుస్తుంటాయి. పైగా దాని సొంత వైఫైకి నాలుగు పరికరాలే అంటుకుంటాయి. ట్యాబ్ మధ్యలో తెగిపోతుంది, సరిగ్గా ఎవరి చెవిలోనో కూత పెట్టినప్పుడే తెగుతుంది. లోపలి వైఫైని మర్చిపోండి. ఒక మామూలు రూటర్ తెచ్చి, మిక్సర్ ముందున్న స్విచ్‌ని ఈథర్‌నెట్‌కి మార్చి, కేబుల్‌ని రూటర్ ల్యాన్ సాకెట్‌కి పెట్టండి. ఫోన్లు 5 గిగాహెర్ట్జ్ మీద కలపండి. ల్యాప్‌టాప్‌ని మాత్రం వైఫై మీద కాకుండా ఇంకో కేబుల్‌తో రూటర్‌కి కలిపితే ఎప్పుడూ ఒక చేయి మిక్సర్ మీద ఉన్నట్టే. వాయించేవాళ్లు తమ ఫోన్‌లో మిక్సింగ్ స్టేషన్ యాప్ పెట్టుకుని తమ ఆక్స్‌ని తామే చూసుకోవచ్చు. గెయిన్ జోలికి వెళ్లొద్దని ముందే గట్టిగా చెప్పాలి.

రెండోది యూఎస్‌బీ సాకెట్. ప్రింటర్లకి ఉండే చదరపు రకమే, బిగింపు ఏమీ ఉండదు. ఎవరి కాలో కేబుల్‌కి తగిలి కదిలితే రికార్డింగు అక్కడితో ఆగుతుంది. కేబుల్ 3 మీటర్లు దాటకూడదు, హబ్ మధ్యలో వద్దు. సాకెట్ పక్కనే కేబుల్‌ని వెల్క్రో పట్టీతో ర్యాక్‌కి కట్టేయండి.

మూడోది హమ్, దీనికి తప్పు మిక్సర్‌ది కాదు. ల్యాప్‌టాప్ చార్జర్ ఒక గోడ సాకెట్‌లో, కీబోర్డు ఇంకో గదిలోంచి లాగిన బోర్డులో, గిటార్ ఆంప్ మూడో చోట ఉంటే 50 హెర్ట్జ్ గుర్ మొదలవుతుంది. అన్నిటినీ ఒకే సాకెట్ నుంచి పంచండి. అయినా కీబోర్డులో గుర్ వస్తే గ్రౌండ్ లిఫ్ట్ ఉన్న డీఐ పెట్టి మైక్ ఇన్‌పుట్‌లోకి తీసుకోండి. ప్లగ్గు మూడో పిన్ విరిచేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. గిటార్ తీగలు పట్టుకుని పెదవి మైకుకి తగిలితే కొట్టే షాకు ప్రాణం మీదికి తెస్తుంది. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి. 2, 3 వోల్టులకి మించి ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ సరిచేయించాకే బ్యాండ్‌ని పిలవండి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రికార్డు చేస్తే ఎలక్ట్రిక్ గిటార్‌లో జుయ్యిమని పడుతుంది, సైన్ వేవ్‌దైతే పర్వాలేదు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది గానీ మిక్సర్‌కి లేదు.

నాలుగోది దీని గోడ. 18 దాటి పెంచుకోలేరు. వేరే పెట్టె చానెళ్లు తెచ్చుకునే ఆడాట్ సాకెట్ లేదు, రెండు పెట్టెల్ని ఒకే లయలో నడిపే వర్డ్ క్లాక్ లేదు, రెండు మిక్సర్లు కలిపి ఒకటిగా చేసే దారి లేదు. రెండు డ్రమ్ సెట్లు, పది మంది కోరస్ ఉన్న బృందాలకి ఇది చాలదు.

దీని బదులు

ట్యాబ్ పట్టుకుని మిక్స్ చేయడం ఇష్టం లేనివాళ్లు జూమ్ ఎల్ 20 చూడండి. 16 మైక్ ప్రీఆంప్‌లు, చేతికి తగిలే ఫేడర్లు, ఎస్‌డీ కార్డులో నేరుగా మల్టీట్రాక్ రికార్డింగు, ఆరు విడి మిక్స్‌ల హెడ్‌ఫోన్ సాకెట్లు. కంప్యూటర్ లేకుండానే పని అయిపోతుంది. విడి హెడ్‌ఫోన్ ఆంప్‌ల ఖర్చు తగ్గుతుంది. గెయిన్ నాబ్‌లు చేత్తో తిప్పేవి కాబట్టి స్నాప్‌షాట్‌తో గెయిన్ వెనక్కి రాదు. వచ్చే వారం అదే బ్యాండ్ వస్తే ఫొటో చూసి నాబ్‌లు తిప్పుకోవాలి.

రోజంతా ఒక్కరే రికార్డు చేసుకుంటూ, నెలకోసారి బ్యాండ్ వచ్చేవాళ్లకి ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20 ఇంటర్‌ఫేస్‌కి బెహ్రింగర్ ఏడీఏ 8200 ప్రీఆంప్ పెట్టె తోడు పెట్టడం మేలు. ఎనిమిదీ ఎనిమిదీ కలిసి 16 మైకులు. రెండు పెట్టెల క్లాక్ ఒకటే కావాలి. ఏడీఏ 8200 నుంచి ఒక్క ఆప్టికల్ కేబులే వేస్తే స్కార్లెట్ క్లాక్‌ని ఆడాట్‌కి మార్చండి, మార్చకపోతే రికార్డింగంతా టిక్కులు పడతాయి. మిక్స్‌లన్నీ కంప్యూటర్‌లోని ఫోకస్‌రైట్ సాఫ్ట్‌వేర్ గుండానే చేయాలి. అక్కడ ఎక్స్‌ఆర్ 18దే పైచేయి. ఇదే నిర్మాణాన్ని మైడాస్ పేరుతో ఎమ్‌ఆర్ 18గా కూడా అమ్ముతారు.

మిక్సర్‌కి పెట్టినంత డబ్బు ఇంచుమించు కేబుళ్లకి, స్టాండ్లకి, హెడ్‌ఫోన్లకి పక్కన పెట్టుకోండి. 5 మీటర్ల మైక్ కేబుళ్లు 22 కావాలి, 20 వాడకానికి, 2 అదనంగా. స్టాండ్లు 12, వాటిలో రెండు పొడవాటి బూమ్‌వి ఓవర్‌హెడ్‌లకి. కేబుళ్లు దుకాణంలో కట్టించుకుంటే న్యూట్రిక్ కనెక్టర్లు వేయించి, ప్రతి కేబుల్‌నీ టెస్టర్‌తో పరీక్షించి నంబరు రాయించండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఒక డైనమిక్ మైకు, ఒక కండెన్సర్ వెంట పట్టుకెళ్లి 16 సాకెట్లలోనూ ఒక్కొక్కదాన్ని గుచ్చి చూడాలి, ఫాంటమ్ ప్రతి చానెల్‌లో వస్తుందో లేదో తేల్చుకోవాలి. ఆరు ఆక్స్‌లూ వినాలి. చివరగా ల్యాప్‌టాప్ కలిపి రికార్డు నొక్కి, అది నడుస్తుండగానే యూఎస్‌బీ కేబుల్‌ని వేలితో మెల్లగా పైకీ కిందికీ కదపండి. రికార్డింగు ఆగిపోతే ఆ పెట్టెని అక్కడే వదిలేసి రండి.